సమాధి రాయి మీద బియ్యప్పిండి

ఫోన్ వచ్చినప్పుడు నేను కైకలూరు చేపల చెరువుల నుంచి రిపేరుకొచ్చిన మోటారొకటి విప్పుకుని కూర్చున్నాను. కొత్త నంబరు. కొత్త నంబర్లంటే నాకు పడదు.

"ఏలూరు తాళం అయ్యగారేనాండీ?" అంది ఒక ఆడగొంతు.

"ఎవరమ్మా నువ్వు? నేను ఏ ఓటీపీ నంబరూ చెప్పను," అన్నాను.

"నంబరేం వద్దండీ. తాడేపల్లిగూడెం నుంచండీ. మా మావయ్యగారు పోయారండీ, నిన్న పొద్దున్న. వచ్చే నెల మీరు గేటు తీసి ఆయన కోసం చూస్తారేమో, కబురు చెప్పమన్నారండీ అత్తయ్యగారు. ఫోన్లో మీ పేరు అలాగే రాసుకున్నారండీ ఆయన."

ఫోను పెట్టేశాక కూడా నేను నమ్మలేదు. ఈ కాలంలో చావు కబురు చెప్పి కూడా మనిషిని ముంచుతారు. గూడెంలో మోటారు సామాను అమ్మే ఒకతను నాకు తెలుసు. అతనికి ఫోన్ చేసి, ఆ పోయారన్న పెద్దాయన కిరాణా కొట్టు తెరిచి ఉందో లేదో చూసి చెప్పమన్నాను. "షట్టరు దించి ఉందన్నా," అన్నాడు. ఆ కొట్టు నెలకి ఒక్కరోజే మూస్తారు. అది ఆ రోజు కాదు. అప్పుడు నమ్మాను. చేతిలో రాగితీగ చుట్ట అలాగే ఉండిపోయింది.

చదువుతున్న సోదరులారా, నన్ను ఎరిగినవాళ్లకి నా సంగతి తెలుసు. నేను పాస్టరును కాను. ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కలేదు. మోటార్లు చుట్టుకుంటూ, తెలుగు గ్రంథం ఒక మోకాలి మీద, ఇంగ్లీషు గ్రంథం ఇంకో మోకాలి మీద పెట్టుకుని, మాటకి మాట సరిచూసి నేర్చుకున్నవాణ్ణి. ఆదివారం మా సంఘంలో వాక్యం చెప్పడానికి మైకు పట్టుకుంటే బస్టాండు దాకా వినిపించాలి, లేకపోతే నాకు చెప్పినట్టుండదు. అనుమానం నా ఒంటితో పుట్టింది. అపవాది, అంటే సాతాను, నిద్రపోడు కాబట్టి నేనూ నిద్రపోకూడదని అనుకునేవాణ్ణి. ఈ పెద్దాయన విషయంలో ఆ అనుమానం నా చేత ఏం చేయించిందో దాచకుండా రాస్తున్నాను.

మా పేటలో దొరల సమాధులున్నాయి. కంపెనీ రోజుల్లో ఇక్కడ ఉద్యోగాలు చేసి, జ్వరాలొచ్చి, తిరిగి ఓడ ఎక్కకుండానే మట్టిలో కలిసిన తెల్లవాళ్ల సమాధులు. చుట్టూ ప్రహరీ, లోపల గడ్డి, నేలకి పరిచిన బల్లరాళ్లు. ఆ గేటు తాళం మా సంఘం చేతిలో ఉంటుంది. పదకొండేళ్లుగా నా మొలతాడుకే ఉంది. వచ్చేవాళ్లందరినీ నేను ఒకే కంటితో చూసేవాణ్ణి. టేపు పట్టుకొస్తే స్థలం కాజేసేవాళ్లు. గునపం లాంటిది కనబడితే నిధి కోసం తవ్వేవాళ్లు. ఫోను కర్రకి కట్టుకుని వస్తే దయ్యాల వీడియోలు తీసుకునేవాళ్లు. చూసి పోదామని వచ్చేవాళ్లుంటారని మాత్రం నాకు తోచలేదు.

ఆయన మొదటిసారి వచ్చిన రోజు గుర్తుంది. పొద్దుటి ప్యాసింజరు దిగి నడుచుకుంటూ వచ్చాడు. తెల్లపంచె, గొడుగు, చేతిలో గుడ్డసంచీ. గేటు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏం పనండీ?" అన్నాను.

"పనేం లేదండీ. చూసి పోదామని."

"మీవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఆయన నవ్వాడు. "మావాళ్లు ఇక్కడెందుకుంటారండీ? మేం కాల్చేవాళ్లం కదా."

"మరి ఏం చూస్తారు?"

"మొన్న కొల్లేరు వెళ్లి గూడబాతుల్ని చూసొచ్చానండీ. అక్కడ ఎవరూ అడగలేదు మరి, మీవాళ్లున్నారా అని."

మాటకారి అనుకున్నాను. మాటకారుల్ని నమ్మకూడదు. గ్రంథంలో మొట్టమొదట తీపిగా మాట్లాడింది పామే కదా. తాళం తీశాను కాని, చెట్టు చాటున నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన ఒక్కో రాయి దగ్గరా ఆగి, వంగి, చేత్తో తడిమి, పెదవులు కదిపి, తర్వాతి రాయికి వెళ్తున్నాడు. గంటన్నర అయ్యాక ఇవతలకొచ్చి, "ఏ ఊరు వెళ్లినా బతికున్నవాళ్లని చూస్తే సగం ఊరే చూసినట్టండీ," అన్నాడు.

నేను ఊరుకుంటానా? చచ్చినవాళ్ల సంగతి చచ్చినవాళ్లకే వదిలెయ్యమని ప్రభువు చెప్పాడని గట్టిగా తగిలించాను.

"అలాగాండీ?" అన్నాడు ఎంతో వినయంగా. "మరి గడ్డి ఎవరు కోస్తారండీ?"

 గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉన్న మాట నిజం.

తర్వాతి నెల మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతి నెలా వచ్చాడు. నా గేటు పుస్తకంలో ఎవరొచ్చినా ఊరూ వీధీ తేదీ రాసుకోవడం నాకు అలవాటు. నాలుగోసారి వచ్చి వెళ్లాక ఎందుకో ఆ తేదీలు తీసి గోడమీది క్యాలెండరుతో సరిచూశాను. నాలుగు తేదీల మీదా నల్లచుక్కే. ప్రతిసారీ అమావాస్యే.

 పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లాను. మూలనున్న చిన్న రాయి మీద, అంటే పసిబిడ్డ రాయి మీద, తెల్లగా పిండి చల్లి ఉంది. పిండిలో అరచేతి గుర్తులు. రాయి కాళ్ల దగ్గర పిండేసిన నిమ్మచెక్కలు రెండు. బోరింగు దగ్గర నేలంతా తడి. ఎవరో నెత్తిమీంచి నీళ్లు గుమ్మరించుకున్నట్టు తడి.

అమావాస్య, ఉత్తకాళ్లు, పసిబిడ్డ సమాధి, పిండి, నిమ్మకాయ, తలస్నానం. మన పల్లెల్లో పుట్టిన ఎవరినైనా అడగండి, ఈ ఆరూ కలిపితే ఏమవుతుందో. చేతబడి అని నేను నోరు విప్పి అనక్కర్లేదు, మీరే అంటారు. అయినా నేను అన్నాను. ఆ ఆదివారమే అన్నాను. మైకులో అన్నాను. సున్నం కొట్టిన సమాధుల వాక్యం తీసుకుని, పైకి తెల్లపంచె, లోపల కుళ్లు అంటూ గొంతు చించుకున్నాను. గూడెం నుంచి ఒక మంత్రగాడు రైలెక్కి వచ్చి మన గేటు లోపల పసిబిడ్డ ఎముకల మీద క్షుద్రం చేస్తున్నాడని పేటంతా వినేలా చెప్పాను. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నాకు, నిజం చెప్తున్నాను, ఆ రోజు వాక్యం బాగా వచ్చిందనిపించింది.

తర్వాతి అమావాస్యకి నేను ఏమీ ఎరగనట్టు తాళం తీసి ఆయన్ని లోపలికి పంపాను. మా సంఘ పెద్ద ఒకాయన, ఇంకో ఇద్దరు, నేను, నలుగురం గేటు బయట కాచుకున్నాం. ఆయన పని ముగించుకుని, బోరింగు దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, ఒళ్లంతా ఓడుతూ వచ్చాడు.

"సంచీ దులుపు," అన్నాడు మా సంఘ పెద్ద.

ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయనే సంచీ నేలమీద బోర్లించాడు. పిండి డబ్బా, రంగులేసే మెత్తటి బ్రష్షు, నీళ్ల సీసా, రెండు నిమ్మకాయలు, పొడుగాటి పుస్తకం. సంఘ పెద్ద పుస్తకం తెరిచాడు. పేజీల నిండా వంకరటింకర గీతలు.

"చూడన్నా, యంత్రాలు!" అన్నాడు నాతో.

"ఇంగ్లీషండీ అది," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నా చేతిరాత అలాగే ఉంటుంది. రాళ్ల మీద ఎలా ఉంటే అలా చూసి దించుకుంటానండీ. మా వీధిలో టీచరుగారు చదివి చెప్తారు."

"పిండెందుకు?"

"అరిగిపోయిన అక్షరాలు కనపడవు కదండీ. పిండి అద్ది, పైపైన దులిపేస్తే గాట్లలో తెల్లగా నిలుస్తుంది."

"నిమ్మకాయో?"

"ఎండండీ," అన్నాడు. "నీళ్లలో పిండుకుని తాగుతాను."

"అమావాస్యనాడే ఎందుకు ఎండ?" అన్నాడు సంఘ పెద్ద. పక్కవాళ్లు నవ్వారు.

"అమావాస్యనాడు మేం కొట్టు తియ్యమండీ. మా తాతగారి నాటి నుంచీ అంతే. నాకు సెలవు ఆ ఒక్కరోజే."

"తలస్నానం?"

"సమాధుల్లో తిరిగొచ్చి నీళ్లు పోసుకోకపోతే మా ఆవిడ గుమ్మం దాటనివ్వదండీ. ఇంటిదాకా మైల మొయ్యడమెందుకని ఇక్కడే పోసేసుకుంటాను."

అన్నిటికీ జవాబులున్నాయి. అన్నిటికీ జవాబులున్నవాడు మరీ అనుమానించాల్సినవాడు, అదీ అప్పటి నా తెలివి. సంఘ పెద్ద డబ్బా మూత తీసి పిండంతా మురిక్కాలవలో దులిపేశాడు. పెద్దాయన ఖాళీ డబ్బా తీసి సంచీలో పెట్టుకున్నాడు. పుస్తకం తడవకుండా, తడి పంచెతో కాక, పొడిగా ఉన్న సంచీ గుడ్డతో తుడుచుకున్నాడు.

"తాళం మీదండీ. మీ ఇష్టం," అని నాతో అని, చెప్పులు వేసుకుని స్టేషను వైపు వెళ్లిపోయాడు. ఆయన నడిచిన దారి పొడుగునా నీటిచుక్కలు పడ్డాయి.

మంత్రం చేసిన పిండి రాయి మీద ఉండకూడదని నేనే బక్కెట్టు పట్టుకుని లోపలికి వెళ్లాను. పసిబిడ్డ రాయి దగ్గర వంగాను. నీళ్లు పొయ్యబోయి ఆగిపోయాను.

పదకొండేళ్లుగా ఆ తాళం నా దగ్గరుందని చెప్పాను కదా, అప్పటికే ఎనిమిదేళ్లు దాటాయి. ఆ రాయి మీద ఏముందో నేను ఒక్కరోజూ చదవలేదు. నునుపుగా అరిగిన నల్లరాయిగానే చూశాను. మొదట పిండి కనబడ్డ రోజు కూడా, భయంలో అక్షరాల వైపు చూడలేదు. ఇప్పుడు దానిమీద అక్షరాలు ముత్యాల్లా తెల్లగా లేచి ఉన్నాయి. ఒక ఆడపిల్ల పేరు. రెండేళ్ల ఏడు నెలల వయసు. కింద రెండు వరుసల్లో వాక్యం. ఇంగ్లీషులో ఉంది, కాని నా మోకాళ్ల మీద నేను అరగదీసిన వాక్యమే. పసిబిడ్డలు నా దగ్గరికి వస్తుంటే అడ్డం నిలబడకండి, రానివ్వండి అని ప్రభువు తన సొంత శిష్యుల్నే కసిరిన మాట.

అడ్డం నిలబడకండి. నేను అప్పుడే గేటు దగ్గర నుంచి వచ్చాను.

దేవుడి మాట నా తాళం వెనక, నా గడ్డి కింద ఇన్నేళ్లు పడి ఉంటే, దాన్ని తడిమి పైకి తీసింది దేవుణ్ణి వేరే పేర్లతో పిలుచుకునే ఒక కిరాణా వ్యాపారి. ఆయన్ని నేను మంత్రగాడన్నాను. చనిపోయి తిరిగి లేచి సమాధి దగ్గర నిలబడ్డ ప్రభువును చూసి తోటమాలి అనుకుందే ఒక స్త్రీ, ఆమె పొరపాటు నయం. తోటమాలి అంటే అవమానమేం కాదు.

రెండు రోజులకి గూడెం వెళ్లాను. ఉల్లిపాయల లారీల మధ్య నుంచి గేటు పుస్తకంలో రాసుకున్న వీధి వెతుక్కుని, కొట్టు పట్టుకున్నాను. కాటా ముందు ఆయన, లోపల గడపలో ఆయన భార్య బియ్యం చెరుగుతూ ఉన్నారు. నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను.

"అయ్యో, లెండి లెండి! పప్పుల మీద పడతారు!" అని లేవదీశాడు. "మీకు అనుమానం రావడం మంచిదేనండీ. తాళం చేతిలో ఉన్నవాడు అందరినీ నమ్మితే ఇంక తాళం ఎందుకు?"

ఆవిడ మాత్రం చేట ఆపింది. "ఊరంతా వినేలా మైకులో అన్నారంట కదండీ? కాళ్లు పట్టుకోడం మాత్రం కొట్లోనా?"

"నువ్వుండవే," అన్నాడాయన.

"నేనుంటానండీ. ఆయన్ని చెప్పనివ్వండి."

"మైకులోనే చెప్తానమ్మా, ఈ ఆదివారమే," అన్నాను.

చెప్పలేదు. ఆ ఆదివారం చెప్పలేదు, ఆ పై ఆదివారం చెప్పలేదు. రెండేళ్లు చెప్పలేదు. ఇంతగా గర్జించినవాడు ఒకసారి తప్పు అన్నాడంటే మిగతా వాక్యాన్ని ఎవరు నమ్ముతారని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది వాక్యం మీద ప్రేమ అనుకున్నాను. అది ఉత్త పరువు. నాకు ఇప్పుడు నా మీదే అనుమానం ఎక్కువ.

ఆయన మాత్రం ప్రతి అమావాస్యకీ వచ్చాడు. ఆ రెండేళ్లూ ఇద్దరం కలిసి రాళ్లు చదివాం. ఆయన పిండి అద్దేవాడు, నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, ఆయన పుస్తకంలో దించుకునేవాడు. ప్రతి పేరూ పైకి పలికి, చివర గారు చేర్చేవాడు. ఆ రెండేళ్ల పిల్లని కూడా పాపగారు అనేవాడు. పని అయ్యాక వెంటనే లేచేవాడు కాదు. చీమలు బారుగా వచ్చి అక్షరాల్లోంచి పిండి మోసుకుపోవడం చూస్తూ కూర్చునేవాడు. సుద్దపొడి అయితే ఇంకా బాగా కనపడుతుంది కదా అని ఒకసారి అడిగాను.

"సుద్ద ఎవరు తింటారండీ?" అన్నాడు. "మా ఇంట్లో ముగ్గైనా బియ్యప్పిండితోనే. మనకి చదువు, వాటికి తిండి."

అంత కలిసి తిరిగినా నా బుద్ధి పోలేదు. ఈయనకి అసలు కారణం వేరే ఏదో ఉండే ఉంటుంది, దాస్తున్నాడు అని తవ్వేవాణ్ణి. మీకు చిన్నతనంలో పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అని ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"లేరండీ. దేవుడి దయవల్ల అందరూ నిక్షేపంలా ఉన్నారు," అన్నాడు. డబ్బా మూత పెడుతూ, "మా నాన్నగారిని గోదాట్లో కలిపానండీ. మా తాతగారిని మా నాన్నగారు కలిపారు. మాకు వెళ్లి చదువుకోడానికి రాయి ఉండదు కదా. ఉన్నవాళ్లవి ఎవరూ చదవడం లేదు. అది బాలేదనిపించిందంతే," అన్నాడు.

అంతే అని నేను అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

మైకు సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తడం లేదంటే మనసులో పెట్టుకున్నాడేమోనని దాన్నీ అనుమానించాను. మా పేటలో మాత్రం ఆయన వస్తుంటే పిల్లల్ని లోపలికి పిలవడం ఆగలేదు. "మంత్రగాడొచ్చాడు" అనే మాట ఆయనకీ వినపడేది. గొడుగు కాస్త ముందుకి వంచుకుని నడిచేవాడు.

కబురు వచ్చాక మొదటి ఆదివారం నేను మందిరంలో మైకు ముందు నిలబడ్డాను. ముందుగా నాకు ఫోన్ చేసిన కోడలి నంబరు కలిపాను. "అమ్మా, మీ అత్తయ్యగారికి ఇవ్వండి. ఆవిడేమీ మాట్లాడక్కర్లేదు, వింటే చాలు," అని ఫోను మైకు పక్కన పెట్టాను. చెప్పాను. ఆయన మంత్రగాడు కాడని, నేను అబద్ధం చెప్పానని, అది అబద్ధమని తెలిశాక కూడా రెండేళ్లు నోరు మూసుకున్నానని, ఎవరు ఎవరిని అడ్డగించారో ఆ పసిబిడ్డ రాయి మీద రాసి ఉందని, బస్టాండు దాకా వినిపించేలా చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"విన్నానండీ," అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు. ఆవిడ వినాలి, కాని అంతకంటే ముందు వినాల్సినవాడు ఆయన.

మొన్న అమావాస్య వచ్చింది. అలవాటు కొద్దీ గేటు తీశాను. ఆయనకి రాయి లేదు, ఉండదు, గోదావరిలో కలిపేశారు. ఇంట్లోంచి గుప్పెడు బియ్యప్పిండి గుడ్డలో కట్టుకుని తెచ్చాను. పసిబిడ్డ రాయి పక్కన గడ్డి కోసి, నేల చదును చేసి, పిండితో ఆయన పేరు రాశాను. నా చేతికి ముగ్గు అలవాటు లేదు. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఆయన ఇంగ్లీషు లాగే.

వెనక అలికిడైంది. మా సంఘ పెద్ద. పిండి మురిక్కాలవలో పోసినాయనే.

"ఏంటన్నా ఇది?" అన్నాడు. "అమావాస్యనాడు, సమాధుల్లో, నువ్వు కూడానా?"

ఆయన కళ్లలో ఉన్న చూపు నాకు బాగా తెలుసు. అది నాదే.

"చదువు," అన్నాను.

ఆయన వంగాడు. చాలాసేపు చూశాడు. "ఇదా ఆయన పేరు?" అన్నాడు. రెండేళ్లలో మాలో ఎవరమూ ఆ పేరు పెట్టి పిలవలేదు. లేచి వెళ్లిపోయాడు. ఎవరితో ఏం చెప్తాడో అని నేను గేటు దాకా చూశాను.

తిరిగొచ్చేసరికి చీమలు పట్టాయి. మొదటి అక్షరం తలకట్టు అప్పటికే సగం లేదు. ఎక్కడికి మోసుకుపోతున్నాయో అని, పాత బుద్ధి, బారు వెంటే మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. తెల్లటి నలుసులు ఒక్కొక్కటీ గడ్డిలోంచి సాగి, చదును చేసిన నేల దాటి, ఆ రెండేళ్ల పాపగారి రాయి వారనున్న సన్నటి నెర్రెలోంచి లోపలికి దిగిపోతున్నాయి.